ఇప్పపువ్వు రుచి ఎరిగిన పరదేశి: ఇబ్న్ బతూతా

దేశాటనం వలన మనిషికి కలిగే లాభాలు అనేకం. కొత్త నగరాలను చూడటం, కొత్త భాషలను వినటం, పెద్దలను దర్శించటం వాటిలో కొన్ని. కాని ఈ లాభాలన్నిటికంటె ముందుగా యాత్రికుని పలకరించేది ఒకటున్నది. అది ఆకలి. పరదేశంలో అడుగుపెట్టిన మనిషి మొదటి పూటే ఎవరో ముక్కు మొగం తెలియనివారు వండిన అన్నం ముందు కూర్చోవలసి వస్తుంది. దాని పేరు తెలియదు, రుచి తెలియదు. దానిని ఆదరంతో అందుకున్నాడా, ఈసడించుకున్నాడా అనేదాన్నిబట్టి ఆ మనిషి సంస్కారం తెలుస్తుంది. యాత్రా చరిత్రలు రాసినవారు కోటలను, రాజులను, యుద్ధాలను గురించి విస్తారంగా రాశారు. తాము ఏ ఊళ్ళో ఏమి తిన్నారో, ఎవరు పెట్టారో, దాని రుచి ఎట్లున్నదో శ్రద్ధగా చెప్పినవారు మాత్రం తక్కువ. అట్టివారిలో అగ్రగణ్యుడు మొరాకో దేశీయుడైన ఇబ్న్ బతూతా.

మన తెలుగువారికి ఈ కోవలో ఏనుగుల వీరాస్వామయ్యగారు ఉన్నారు. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. దారిలోని మజిలీలను గురించి తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెగారికి రాసిన లేఖలే కాశీయాత్ర చరిత్రగా 1838లో అచ్చయినవి. ఆయనకు దాదాపు 500 ఏళ్ళు ముందే, ఆయనకంటె ఎన్నో రెట్ల దూరం నడిచిన మనిషి కథ ఇది. మన దుమ్ముగూడెం అడవులకు, ఆ పరదేశి పుస్తకానికి ఒక చిన్న బంధుత్వం కూడ ఉన్నది. అది ముందు ముందు తెలుస్తుంది.

ఇబ్న్ బతూతా అసలు పేరు అబూ అబ్దుల్లా ముహమ్మద్. ఆయన 1304 ఫిబ్రవరి 24న ఆఫ్రికా ఖండపు ఉత్తరపు అంచున, మధ్యధరా సముద్రం అట్లాంటిక్ మహాసముద్రంతో కలిసేచోట ఉన్న టాంజియర్ పట్టణంలో జన్మించాడు. తెగనుబట్టి బెర్బెరు. తరతరాలుగా ఖాజీలను అందించిన కుటుంబం. ఆయన కూడ ధర్మశాస్త్రమే అభ్యసించాడు. 1325 జూన్ నెలలో, 21 ఏళ్ళ వయసున, మక్కా యాత్రకై ఒంటరిగా ఇల్లు విడిచాడు. తోడు వచ్చే మిత్రుడు గాని, చేరదగిన బిడారు గాని లేవు. తల్లిదండ్రులు బ్రతికే ఉన్నారు. ఆ ఎడబాటు ఇరువైపులా దుఃఖమే మిగిల్చింది. ట్యూనిస్ నగరంలో ప్రవేశించినప్పుడు తోటి ప్రయాణీకులందరికీ ఎవరో ఒకరు ఎదురువచ్చి సలాములు చెబుతూంటే, తనను పలకరించేవాడు ఒక్కడూ లేక ఆ యువకుడు కన్నీరు ఆపుకోలేకపోయాడు. అది గమనించిన ఒక యాత్రికుడు దగ్గరకు వచ్చి, పలకరించి, ఊళ్ళో అడుగుపెట్టేవరకు మాటలతో ఊరడించాడు. పరదేశంలో ఒక్క పలకరింపు విలువ ఏమిటో ఆయనకు ఆనాడే తెలిసింది.

ఈజిప్టులో ఫువ్వా పట్టణానికి సమీపంలో అల్ ముర్షిదీ అనే సాధుపురుషుడు ఉండేవాడు. వచ్చిన ప్రతి అతిథికీ మనసులో కోరుకున్న పదార్థాన్ని వడ్డించేవాడని ఆయనకు ప్రఖ్యాతి. ఒకరికి మాంసం, ఒకరికి పండ్లు, ఒకరికి మిఠాయి, కాలం కాని కాలంలో కూడ దొరికేవట. ఆ ఆశ్రమం మిద్దెపై నిద్రించిన రాత్రి, ఒక పెద్ద పక్షి తనను రెక్కలపై మోసుకొని మక్కా దిక్కుకు, యెమెనుకు, తరువాత దూరపు తూర్పు దేశాలకు తీసుకుపోయినట్లు ఇబ్న్ బతూతా కలగన్నాడు. ఆయన హిందూ దేశంలో చాలాకాలం ఉంటాడని, అక్కడ ఒక ఆపదలో దిల్షాద్ అనేవాడు ఆదుకుంటాడని ఆ సాధువు ఫలం చెప్పి, దారి బత్తెంగా చిన్న రొట్టెలు, కొన్ని వెండి నాణేలు ఇచ్చి పంపించాడు. ఆ మాటను విద్యార్థులు జ్ఞాపకం ఉంచుకోవలసి ఉన్నది.

1326లో ఆయన డమాస్కస్ నగరం చేరాడు. అక్కడి ధర్మనిధులు ఆయనను ఆశ్చర్యపరచినవి. ఒకరోజు ఒక సందులో, ఒక బానిస కుర్రవాని చేతినుండి చీనా పింగాణీ పళ్ళెం జారి ముక్కలైంది. యజమాని కొడతాడని ఆ పిల్లవాడు వణుకుతూంటే జనం గుమికూడారు. వారిలో ఒకరు ఆ పెంకులను ఏరించి, పగిలిన పాత్రలకై ఏర్పడిన ధర్మనిధి అధికారి వద్దకు తీసుకుపోయాడు. అటువంటి మరొక పళ్ళెం కొనడానికి సరిపడు సొమ్ము ఆయన ఇచ్చి పంపాడు. పిల్లవాని వీపు దెబ్బలకు, మనసు భయానికి గురికాకుండ ఒక నగరం ముందుగానే ఆలోచించి ఏర్పాటు చేయటం ఎంత గొప్ప విషయం! రాజప్రాసాదాలను వర్ణించే చేతితోనే ఈ పగిలిన పళ్ళేన్ని కూడ వర్ణించటం ఇబ్న్ బతూతా ప్రత్యేకత.

హజ్ యాత్ర ముగిసిన తరువాత ఆయన ఇంటిముఖం పట్టలేదు. ఒకసారి నడచిన దారిలో సాధ్యమైనంతవరకు మళ్ళీ నడవరాదని నియమం పెట్టుకున్నాడు. తూర్పు ఆఫ్రికా తీరాన మొగదిషు రేవులో ఓడ ఆగగానే, చిన్న పడవలలో యువకులు మూతపెట్టిన పళ్ళేలతో ఎదురువచ్చారు. ఒక్కొక్కడు ఒక్కొక్క వర్తకునికి ఆ భోజనం అందించి, అతడు తన అతిథి అని ప్రకటించాడు. ఆ రేవులో అన్నంపెట్టిన చేతితోనే బేరసారాలు కూడ సాగేవి. పట్టణంలో ఆయనకు పెట్టిన భోజనం నేతితో వండిన అన్నం. దానిపై కోడి, మాంసం, చేప, కూరగాయలతో చేసిన వ్యంజనాలు. ప్రక్కన పాలలో వండిన పచ్చి అరటికాయ. ఊరవేసిన నిమ్మ, మిరియపు గుత్తులు, పచ్చి అల్లం, మామిడి. ప్రతి ముద్దకూ ఊరగాయ నంజుకొనే ఆ అలవాటును ఆయన అక్కడే చూశాడు.

తుర్కీ దేశపు లాధిక్ పట్టణంలో మరొక విచిత్రం జరిగింది. ఆయన బజారులో పోతూండగా కొందరు దుకాణాలనుండి దిగి వచ్చి గుర్రాల కళ్ళేలు పట్టుకున్నారు. మరొక జట్టు అడ్డుపడింది. కత్తులు దూసేవరకు వచ్చింది. ఇబ్న్ బతూతాకు వారి భాష రాదు. దొంగలు చుట్టుముట్టారని గడగడలాడాడు. చివరకు అరబీ తెలిసిన ఒకాయన అసలు సంగతి చెప్పాడు. అవి అఖీలు అనబడే వృత్తిపనివారి సోదర సంఘాలు. ఈ అతిథికి మేము అన్నం పెడతామంటే మేము పెడతామని వారి తగవు. చీట్లు వేసుకొని, మొదట ఒకరింట, తరువాత మరొకరింట ఆయనకు విందు చేశారు. పగలంతా కష్టించి సంపాదించినదంతా సాయంకాలానికి ఒకచోట చేర్చి, దానితో బాటసారులకు భోజనం పెట్టటం వారి వ్రతం. భాష రానిచోట మనిషి మనిషిని ఎంత సులభంగా దొంగ అనుకుంటాడో, ఎంత తొందరగా ఆ తలపుకు సిగ్గుపడవలసి వస్తుందో ఈ సంఘటన చెబుతుంది.

ఖ్వారిజమ్ దేశపు పండ్లను గురించి ఆయన రాసినది చదివితే నోరూరుతుంది. పైన ఆకుపచ్చ, లోపల ఎరుపు, గట్టి తీపి గల ఆ దోసజాతి పండ్లను చీలికలుగా కోసి, ఎండబెట్టి, రెల్లు బుట్టలలో పెట్టి హిందూ దేశానికీ చీనాకూ పంపేవారట. తరువాత ఢిల్లీలో ఉన్నప్పుడు, ఆ వైపునుండి బిడారు వచ్చిందని వినగానే ఆ ఎండు చీలికలకై మనిషిని పంపేవాడు. ఆయనకు ఈ ఇష్టమున్నదని తెలిసి సుల్తాను కూడ పంపుతూండేవాడు.

1333 సెప్టెంబరు 12న ఇబ్న్ బతూతా సింధునది ఒడ్డుకు చేరాడు. ఢిల్లీని అప్పుడు ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఏలుతున్నాడు. రాకుమారుడుగా ఉలుగ్ ఖాన్ అనే పేరుతో 1323లో ఓరుగల్లు కోటను జయించి, కాకతీయ ప్రతాపరుద్రుని రాజ్యాన్ని అంతం చేసినవాడు ఆయనే. అనగా మన తెలుగునేల ఆ మార్పును చూసిన పదేళ్ళకు ఈ యాత్రికుడు మన దేశంలో అడుగుపెట్టాడు. ఆయన తెలుగు దేశానికి రాలేదు గాని, ఆయన గ్రంథంలో తిలంగ్ అనే మన దేశపు పేరున్నది. దక్షిణాదికి నడచిన సుల్తాను సైన్యం తిలంగ్ దేశంలో విడిది చేసినప్పుడు మహమ్మారి సోకి అసంఖ్యాకులు మరణించిన సంగతి ఆయన నమోదు చేశాడు.

ముల్తాను నుండి ఢిల్లీకి పోయే దారిలో ఆయనకు ఒక కొత్త వంటకం ఎదురయింది. సన్నగా కొట్టిన మాంసాన్ని బాదం, అక్రోటు, పిస్తా, ఉల్లి, సుగంధ ద్రవ్యాలతో వండి, పలుచని రొట్టెలో చుట్టి, నేతిలో వేయించి, ఒక్కొక్కరి ముందు నాలుగైదు చొప్పున పెట్టేవారు. దాని పేరు సంబూసక్. ఈనాడు భద్రాచలం బస్సుస్టాండు వద్ద కాగితం ముక్కలో చుట్టి ఇచ్చే సమోసాకు అది పూర్వరూపం. ఒక రొట్టె పొరలో కూరను దాచి, పళ్ళెం లేకుండ చేతితో తినే వస్తువును బాటసారి కోరుకోవటం అన్ని దేశాలలోనూ ఉన్నదే. దానిని ఒకచోట సాండ్‌విచ్ అన్నారు, మరొకచోట సమోసా అన్నారు. ఇంతకూ ఇబ్న్ బతూతా తిన్న సంబూసక్‌లో బంగాళాదుంప లేదు, మిరపకాయ లేదు. ఆ రెండూ అమెరికా ఖండంలో పుట్టినవి. పోర్చుగీసువారు మన తీరానికి వచ్చిన తరువాతనే, అనగా 16వ శతాబ్దం నుండి, ఇటువంటి పంటలు మన దేశానికి చేరటం మొదలైంది. ఆయన చూసిన మామిడికాయ ఊరగాయలో కూడ మిరపపొడి లేదు. మన ఆవకాయకు అది తాతవంటిది కాని, కారం తెలియని తాత. మనది అని గర్వపడే రుచులలో ఎన్ని దూరదేశపు అతిథులున్నవో ఆలోచించవలసిన విషయం.

పెసలు, బియ్యం కలిపి వండి, నెయ్యి వేసుకొని తినే కిచిడీని ఆయన పేరుతోసహా పేర్కొన్నాడు. తమ మగ్రిబ్ దేశంలో ఉదయం హరీరా తాగినట్లు ఇక్కడివారు ప్రతి ఉదయం దీనిని తింటారని వివరించాడు. హైదరాబాదు ముస్లిం గృహాలలో నేటికీ ఉదయం పూట కిచిడీ, ఖట్టా ప్రసిద్ధమే కదా. ఏడు శతాబ్దాల నాడు ఒక పరదేశి గమనించిన అలవాటు మన పళ్ళెంలో ఇంకా ఆవిరి కక్కుతున్నదన్నమాట.

ఇక మన అడవి సంగతి. హిందూ దేశపు చెట్లను, పండ్లను వర్ణిస్తూ ఆయన మామిడిని, పనసను మెచ్చుకున్నాడు. తునికి పండు నేరేడుపండ్ల సరసన నిలిచింది. అది నల్లచేవ చెట్టు పండని, చాలా తియ్యగా ఉంటుందని రాశాడు. తరువాత మహ్వా అనే చెట్టును గురించి ప్రత్యేకంగా చెప్పాడు. అది మన ఇప్పచెట్టే. దానికి ద్రాక్షపండంత తియ్యని కాయ ఉంటుందని, ఎక్కువ తింటే తలనొప్పి వస్తుందని, ఎండబెడితే అంజూరపు రుచి వస్తుందని, ఈ దేశంలో అంజూరాలు దొరకనందున తాను వాటికి బదులుగా దీనిని తింటూండేవాడినని రాశాడు. గింజలనుండి తీసిన నూనెతో దీపాలు వెలిగిస్తారని కూడ చెప్పాడు. ఆయన కాయ అనుకున్నది నిజానికి రసం నిండిన ఇప్పపువ్వు. తెల్లవారుజామున నేల రాలి, నిజంగానే ద్రాక్షగుత్తి చెదరినట్లు కనబడే ఆ పువ్వును మొదటిసారి చూసిన పరదేశి అట్లా అనుకోవటంలో వింత లేదు.

ఆయన ఇంకొక ధాన్యాన్ని కూడ వర్ణించాడు. దాని పేరు షామాఖ్ అని రాశాడు. అది మన సామలు. తరచు విత్తకుండానే మొలుస్తుందని, సాధువులు, పేదలు దానిని తింటారని చెప్పాడు. వారు ఎడమచేత బుట్ట, కుడిచేత కొరడా పట్టుకొని వెన్నులను కొడుతూ గింజలను బుట్టలో రాల్చుకుంటారట. కొయ్యరోలులో దంచగా వచ్చిన తెల్లని గింజను గేదెపాలతో వండిన జావ తనకు రొట్టెకంటె రుచిగా ఉండేదని, తాను తరచు తినేవాడినని ఒప్పుకున్నాడు. సుల్తాను కొలువులో ఖాజీగా ఏడాదికి 12,000 దీనారాల జీతం తీసుకొన్న మనిషి పేదవాని సామల జావను తాను ఇష్టంగా తిన్నానని పుస్తకంలో రాయటానికి సిగ్గుపడలేదు.

ఈ మాట ఇక్కడ ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, ఒక తరగతిలో పిల్లలను తమ ఇళ్ళలో ఉదయం ఏమి తింటారో రాయమన్నాను. ఉర్దూ బల్లల మీది పిల్లలు కిచిడీ అని, రోటీ అని రాశారు. తెలుగు బల్లల మీదివారు ఇడ్లీ అని, చద్దన్నం అని రాశారు. అడవి లోపలి గూడెంనుండి నడిచి వచ్చే ఒక కోయ విద్యార్థి ఏమీ రాయకుండ కాగితం మడిచి ఇచ్చాడు. తరువాత విడిగా అడిగితే, తమ ఇంట జావ తాగుతామని, వేసవిలో ఇప్పపువ్వు ఉడికించుకొని తింటామని, అది రాస్తే నవ్వుతారని చెప్పాడు. తప్పు ఆ పిల్లవానిది కాదు. ముందెప్పుడో ఎవరో నవ్వి ఉంటారు. ఆ నవ్విన నోరు మా అందరిదీ కావచ్చును. మరునాడు ఆ తరగతిలో ఇబ్న్ బతూతా పుస్తకంలోని ఈ ఘట్టాన్ని చెప్పాను. ఈ వ్యాసానికి మూలం ఆ గంటే.

ఢిల్లీలో ఆయన చూసినది విందులనే కాదు, కరవును కూడ చూశాడు. ఢిల్లీ వెలుపల, చచ్చి నెలలైన గుర్రపు తోలును స్త్రీలు కోసుకొని తినటం చూశానని రాశాడు. బజార్లలో తోళ్ళు వండి అమ్మేవారట. వీధిలో అమ్మే తిండిని గురించి ప్రపంచ యాత్రికులు రాసిన వాక్యాలలో ఇంత దుర్భరమైనవి తక్కువ. అప్పుడు ఆయన సుల్తాను కుతుబుద్దీన్ సమాధికి ధర్మకర్త. అక్కడ రోజుకు 12 మణుగుల పిండి, అంతే మాంసం వండి పెట్టాలని ఆజ్ఞ. చేతిలో ఉన్న నిధికి అది చాలా తక్కువని భావించి, ఆయన దానిని 35 మణుగుల చొప్పున పెంచి, బాటసారులకు కూడ వడ్డింపజేశాడు. జీవితమంతా ఇతరుల అన్నం తిన్నవాడు తనకు వంతు వచ్చినప్పుడు గరిటె పట్టుకున్నాడు.

సుల్తాను దయ స్థిరమైనది కాదు. ఆగ్రహానికి గురియైన ఒక సాధువును దర్శించినందుకు ఇబ్న్ బతూతాపై కాపలా పెట్టారు. ప్రాణభయంతో ఐదు రోజులు ఉపవాసముండి ప్రార్థనలో గడిపాడు. బ్రతికి బయటపడి, ఉన్నదంతా పంచిపెట్టి, ఒక సాధువు సన్నిధిలో ఫకీరుగా నెలల తరబడి ఉన్నాడు. తరువాత సుల్తాను పిలిపించి చీనా చక్రవర్తి వద్దకు రాయబారిగా నియమించాడు.

1342లో ఆ రాయబారం బయలుదేరిన కొద్దిరోజులకే కోయిల్, అనగా నేటి అలీగఢ్ సమీపంలో, దోపిడీగాండ్ర వలన ఆయన తనవారినుండి విడిపోయి చిక్కుబడ్డాడు. ఎట్లో తప్పించుకొని, ముళ్ళపొదలలో దాగుతూ, ఆకులు నములుతూ తిరిగాడు. ఎనిమిదవనాటికి కదలలేని స్థితి. నీళ్ళకై ఒక బావి వద్ద అవస్థపడుతూండగా చేతికర్ర, చెంబు, భుజాన సంచి గల ఒక నల్లని మనిషి వచ్చి సలాం చేశాడు. సంచి విప్పి గుప్పెడు వేయించిన నల్లశనగలు, కొంచెం బియ్యంతో కలిపినవి, పెట్టాడు. నీరు తోడి ఇచ్చాడు. నడవలేకపోతే వీపుపై ఎక్కించుకున్నాడు. పేరడిగితే సంతుష్ట హృదయుడని అర్థమిచ్చే పేరు చెప్పాడు. దానికి పారసీక రూపం దిల్షాద్. ఆయన వీపుపైనే స్పృహ తప్పిన ఇబ్న్ బతూతా మేల్కొనేసరికి ఒక ఊళ్ళో ఉన్నాడు. మోసినవాడు కనబడలేదు. ఈజిప్టు సాధువు చెప్పిన మాట ఆయనకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఈ కథలోని అద్భుతాన్ని నమ్మటం, నమ్మకపోవటం ఎవరి ఇష్టం వారిది. కాని రాజుల పంక్తులలో ఆయన తిన్న వందల విందులన్నీ ఒకవైపు, ఆ గుప్పెడు శనగలు ఒకవైపు పెడితే, ప్రాణం నిలిపినవి శనగలే.

దక్షిణాదికి వచ్చిన తరువాత ఆయనకు రొట్టె దూరమైంది. హొన్నావరు సుల్తాను పంక్తిలో రాగి బల్లపై అన్నం, నేతిలో వండిన కోడి, చేప, కూరలు, ఊరగాయలు, చివర పెరుగు క్రమంగా వడ్డించేవారు. అక్కడ 11 నెలలు, తరువాత మాల్దీవులు, సింహళం, మాబారు, మలబారు దేశాలలో కలిసి మూడేళ్ళు అన్నమే తిని, నీళ్ళతోగాని ముద్ద దిగని స్థితికి వచ్చానని రాశాడు. అన్నం లేనిదే భోజనం కాదనుకొనే మనకు ఇది నవ్వు తెప్పిస్తుంది. రొట్టె దేశానికి పోయిన మన పిల్లవాడు ఇంటికి రాసే ఉత్తరం దీనికి తిరగవేసిన రూపమే.

మలబారు దారులలో అరమైలుకొక చలివేంద్రం ఉండేది. తమవారికి పాత్రలో నీరిచ్చే అక్కడి మనిషి ముస్లిముకు దోసిట పోసేవాడు. తమ పాత్రలో తిననివ్వక, అరటి ఆకులో అన్నం, కూర వేసేవారు. ఈ సంగతిని ఆయన దాచలేదు. అట్లాగే ఆ దారి ఎంత సురక్షితమైనదో, అన్నం పెట్టటంలో లోటు ఎంత తక్కువో కూడ దాచలేదు. ఆకలి తీర్చిన చేయీ, దూరం పాటించిన చేయీ ఒకటే కావటం మన దేశంలో పాత సంగతి. ఆ దూరం ఒక్క మతానికి, ఒక్క కులానికి పరిమితం కాదు. మన మధ్య ఇంకా ఎక్కడైనా అది మిగిలి ఉంటే దానికి సిగ్గుపడవలసినది దోసిలి పట్టినవాడు కాదు.

మాల్దీవులలో ఆయన ఖాజీ పదవి నిర్వహించాడు. పొగబెట్టి ఎండించిన అక్కడి చేపను, కొబ్బరితో చేసిన తేనెను వర్ణించాడు. ఆపైన బంగాళం, సుమత్రాల మీదుగా చీనా చేరినట్లు రాశాడు. చీనా భాగంలో ఆయన స్వయంగా చూసినదెంత, విన్నదెంత అని పండితులకు సందేహాలున్నవి. చీనా రేవులను, పింగాణీని మెచ్చుకున్నా, అక్కడి ఆచారాలతో మనసు కుదరక ఎక్కువగా ఇల్లు వదలలేదని ఆయనే ఒప్పుకున్నాడు. అన్నిచోట్లా అన్నీ నచ్చవలెననే నియమం లేదు. నచ్చలేదని నిజం చెప్పటం కూడ యాత్రికుని ధర్మమే.

1348లో డమాస్కస్‌లో, తన తండ్రి చనిపోయి 15 ఏళ్ళు గడిచినవని ఆయనకు తెలిసింది. అది నల్లమారి ప్రపంచాన్ని తుడిచిపెడుతున్న కాలం. 1349లో స్వదేశం చేరేసరికి తల్లి కూడ ఆ వ్యాధికే బలియైంది. ఇరవైనాలుగేళ్ళు దేశదేశాల పంక్తులలో కూర్చున్న కొడుకు తల్లి చేతి ముద్దకు అందలేదు. యాత్రకు మనిషి చెల్లించే మూల్యం ఇటువంటిది.

చివరి పెద్ద యాత్రగా 1352లో సహారా ఎడారి దాటి మాలీ రాజ్యానికి పోయాడు. అక్కడ బాటసారి బత్తెం మోయనక్కరలేదు. ఉప్పుముక్కలు, గాజుపూసలు, కొన్ని సుగంధ ద్రవ్యాలు ఉంటే చాలును. ఊరు చేరగానే స్త్రీలు జొన్నలు, పాలు, కోళ్ళు, రేగుపండ్ల పిండి, బియ్యం, సామలవంటి ఫోనీ ధాన్యం, అలసందల పిండి తెచ్చి అమ్మేవారు. ఎవరికి కావలసినది వారు కొనుక్కొనేవారు. మన వారపు సంతకు, ఈ వర్ణనకు భేదం లేదు. కాని ఆ దేశంలోనే ఆయన నాలుక ఆయనను రెండుసార్లు ఓడించింది. ఒకసారి కందవంటి దుంపతో చేసిన సంకటి తిని ఆరుగురు జబ్బుపడ్డారు. ఒకరు చనిపోయారు. ఇబ్న్ బతూతా ప్రాతఃకాలపు నమాజులో స్పృహతప్పి, రెండు నెలలు మంచం పట్టాడు. మరొకసారి, మాలీ రాజు అతిథికి కానుక పంపాడని విని పట్టుబట్టలు, ధనం ఆశించిన ఆయన ముందు మూడు రొట్టెలు, వేయించిన గోమాంసం ముక్క, సొరబుర్రలో పెరుగు పెట్టారు. అది చూసి ఆయన పకపక నవ్వాడు. గుప్పెడు శనగల విలువ ఎరిగిన మనిషి సైతం పదవులు, కానుకలు చవిచూసిన తరువాత రొట్టెను చూసి నవ్వగలడు. ఆయన ఈ తన నవ్వును కూడ దాచకుండ గ్రంథంలో చెప్పుకున్నాడు. మహాత్ముల జీవితాలలో మనకు ఉపకరించేవి ఇటువంటి తప్పులే.

తిరిగి వచ్చిన తరువాత ఫెజ్ నగరంలో సుల్తాను అబూ ఇనాన్ ఆజ్ఞపై, ఇబ్న్ జుజయ్ అనే పండితుడు రాసుకొనగా, ఆయన తన యాత్రలన్నిటినీ జ్ఞాపకంనుండి చెప్పాడు. ఆ కథనం 1355 డిసెంబరులో ముగిసింది. దారిలో దోపిడీలలో రాతప్రతులు పోయినవి. అయినా ఎన్నో ఏళ్ళ క్రితపు ఊరగాయ రుచి, సామల జావ చిక్కదనం ఆయనకు జ్ఞాపకమున్నవి. ఆయన తిరిగిన దూరం సుమారు 1,17,000 కిలోమీటర్లని అంచనా. ఆపైన స్వదేశంలోనే ఒక పట్టణానికి ఖాజీగా పనిచేసి, 1368 లేక 1369లో కన్నుమూశాడు. ఆ గ్రంథం ఫ్రెంచి పండితుల కృషివలన 1853 నుండి 1858 వరకు నాలుగు సంపుటాలుగా అచ్చై లోకానికి పరిచయమైంది.

విద్యార్థులారా! మీలో కొందరు ఈ గోదావరి తీరం విడిచి దూరదేశాలకు పోతారు. అక్కడ మీకు తెలియని రొట్టెను, తెలియని కూరను మీ ముందు పెడతారు. మీ విశ్వాసానికి తగనిదైతే మర్యాదగా వద్దనండి. తగినదైతే ఆదరంతో అందుకొని, దాని పేరు, వండినవారి పేరు అడగండి. దూరం పోనివారికి కూడ పరదేశం ప్రక్క బల్ల మీదనే ఉన్నది. ఆ గంట గడిచిన కొన్ని వారాలకు, ఎండలు ముదురుతూండగా, కాగితం మడిచి ఇచ్చిన ఆ విద్యార్థి చిన్న గుడ్డమూటలో ఎండిన ఇప్పపువ్వు తెచ్చి తరగతిలో పంచాడు. ఉర్దూ బల్లలవారు, తెలుగు బల్లలవారు తలా కొంచెం నోట వేసుకున్నారు. ఒకరు ఖర్జూరమన్నారు, ఒకరు కిస్మిస్ అన్నారు. ఒక పిల్ల మాత్రం చాలాసేపు నమిలి, అంజూరపు రుచి ఉన్నదని చెప్పింది.